ఒక్క అర చాలు, బుజ్జీ

బుజ్జీ,

వచ్చే శని, ఆదివారాలు గడప దాటకుండా ఇల్లంతా సర్దేస్తావట. సోమవారం నుంచి అన్నీ టైము ప్రకారమేనట. మీ అమ్మ చెప్పింది. ఎవరూ పోరు పెట్టకుండా నీ అంతట నువ్వే అనుకున్నందుకు మురిసిపోయాను. రెండు రోజుల్లో ఇల్లంతా అన్న మాటకి మాత్రం గుండె గుభేలుమంది.

చెత్త సంచులు ముందే తెచ్చిపెట్టుకో. ఫోను చేతికందనంత దూరంలో పెట్టు. కడుపు నిండా తిని మొదలుపెట్టు. ఇవి నీకు తెలిసినవే.

తెలిసీ చేసే తప్పు ఒకటుంది: బీరువా తెరిచి ఉన్నవన్నీ మంచం మీద కుప్ప పొయ్యడం. పోయినసారీ అదే చేశావు. చూడ్డానికి సగం పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ కుప్పలో రెండొందల వస్తువులుంటే తేల్చాల్సిన సంగతులూ రెండొందలే. ఉంచాలా, పారెయ్యాలా, ఎవరికైనా ఇవ్వాలా, ఉంచితే ఎక్కడ? మొదటి ముప్ఫై చకచకా తెమిలిపోతాయి. అంతలో పాత చార్జరొకటి చేతికొస్తుంది. అది దేనిదో చూద్దామని లేస్తావు. పక్కగదిలో ఆ పాత ఫోను దొరుకుతుంది, అందులో ఫొటోలుంటాయి, నిలబడే గంట గడిపేస్తావు. చీకటి పడేసరికి పడుకోవడానికి మంచం కావాలి కదా, మిగిలిందంతా ఒక అట్టపెట్టెలోకి తోసేస్తావు. తర్వాత చూద్దాం అనుకుంటావు. ఆ ‘తర్వాత’ రాదు. నీ డిగ్రీ సర్టిఫికెట్టు ఎక్కడ దొరికిందో గుర్తుందా? అలాంటి పెట్టెలోనే, పాత గ్రీటింగు కార్డుల అడుగున. చెత్త అనుకుని పెట్టెతో సహా పారేసి ఉంటే ఏం చేసేదానివి?

తిడుతున్నాననుకోకు. చేస్తున్న పని బుర్రలో నిలిచి ఉండాలంటే వర్కింగ్ మెమరీ మీద, అంటే అప్పటికప్పుడు కావలసినవి పట్టి ఉంచే జ్ఞాపకం మీద బరువు పడుతుంది. శ్రద్ధ నిలవని వాళ్ళకి అక్కడే పట్టు జారుతుంది. కొత్త వస్తువు కంటపడితే పాతది మాయం. కాబట్టి మనసుని అదుపులో పెట్టుకోమని చెప్పను, కంటి ముందుండే వస్తువులు తగ్గించుకోమంటాను.

ఒక్క అర తియ్యి. బీరువా కాదు, అర. టైమరు ఇరవై నిమిషాలకి తిప్పు. పదిహేను తియ్యడానికి, చివరి అయిదు తిరిగి పెట్టడానికి. ఆ చివరి అయిదూ పనిలో భాగమే, సగంలో ఆగినా గది నడవడానికి వీలుగా ఉండేది దానివల్లే. ముందు చెత్త ఏరు, దానికి ఆలోచన అక్కర్లేదు. వేరే గదికి చెందినవి కనపడితే లేవకు, పక్కన బుట్ట పెట్టుకుని అందులో పడెయ్యి. బుట్ట ఆఖర్న ఒక్కసారే తిప్పు. ఒరిజినల్ కాగితాలు ఆ రోజు సర్దొద్దు, దొరికినవి దొరికినట్టు ఒకే ఫైల్లో పెట్టు. గడువు తేదీ ఉన్న కాగితమైతే నిలబడిన చోటే గోడ క్యాలెండరు మీద రాసెయ్యి.

టైమరు అంటే చేత్తో తిప్పే వంటింటి టైమరు. ఫోనులోది ఆపబోయి మెసేజీ చూస్తావు, ఇరవై నిమిషాలు హుష్. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే విద్యార్థి 25 నిమిషాల చదువు పద్ధతి మొదలుపెట్టింది టమాటా ఆకారపు వంటింటి టైమరుతోనే. అందుకే ఆ పద్ధతికి పొమొడోరో అని పేరు, ఇటాలియన్‌లో టమాటా అని. నీకు ఇరవై కూడా ఎక్కువైతే పదిహేనే పెట్టుకో, తప్పేం లేదు.

సర్దినవి మూతలేని డబ్బాల్లో, లోపలివి కనపడేలా ఉంచు. మూత ఉంటే తీసే ఓపిక లేక దాని మీదే పెడతావు. తాళాల కొక్కెం తలుపు పక్కనే, లోపలికి రాగానే చెయ్యి పడే చోట కొట్టించు.

ఇక టైము. “పది నిమిషాల్లో తయారవుతా” అనేది నువ్వొక్కదానివే కాదు. పనికి పట్టే టైముని తక్కువగా అంచనా వేసే ఈ అలవాటుకి 1979లోనే కానెమన్, ట్వర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పేరు పెట్టారు, ప్లానింగ్ ఫాలసీ అని. వారం రోజులు అనుకున్నదీ పట్టిందీ పక్కపక్కన రాసి చూడు. బయల్దేరేటప్పుడు వెనక నుంచి లెక్కపెట్టు. 9:30కి అక్కడుండాలి, దారి 40 నిమిషాలు, చెప్పులూ తాళాలూ సంచీ 10, అనుకోని అడ్డంకికి ఇంకో 10. అంటే 8:30కి మోగాలి. ఆ అలారం పేరు ‘బయల్దేరు’ కాదు, ‘చేస్తున్నది ఆపు’. నువ్వు ఇరుక్కుపోయేది అక్కడే.

నా అసలు భయం పొయ్యి. ఒకచోట మొదలుపెట్టి ఇంకోచోట తేలే మనిషివి. సర్దుడు నడిచే రెండు రోజులూ పొయ్యి వెలిగించి వంటగది దాటకు. తప్పకపోతే టైమరు చేత్తో పట్టుకునే వెళ్ళు. ఈ ఒక్కటీ నా మాట విను తల్లీ.

మరుపూ ఆలస్యమూ చిన్నప్పటి నుంచీ ఉండి, ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇబ్బంది పెడుతుంటే సైకియాట్రిస్టుకి చూపించుకో. ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవని సమస్య అయితే, లక్షణాలు పన్నెండేళ్ళలోపే కనపడి ఉండాలంటారు. నిద్ర చాలకపోయినా, థైరాయిడ్ తేడా చేసినా, ఆందోళన ఎక్కువైనా ఇలాగే ఉండొచ్చు, అందుకే నీకు నువ్వే తేల్చేసుకోకు.

శనివారం పదింటికి ఫోను చెయ్యి. స్పీకరు పెట్టి బోర్లించెయ్యి. నేనూ ఇక్కడ నా మందుల డబ్బా సర్దుకుంటూ ఉంటాను, మాట్లాడుకోవద్దు. పక్కన ఎవరో ఉన్నారంటేనే నీ చెయ్యి కదులుతుంది, చిన్నప్పుడు హోంవర్కూ అంతే కదా. ఏ అర తీస్తున్నావో మాత్రం శుక్రవారం రాత్రికే చెప్పు.

మీ పెద్దమ్మ