అడవిలో గుడిసె ప్రశాంతంగానే ఉంటుంది, బయట ఆకు ఆరబోసి లేకపోతే

"అడవి మధ్యలో గుడిసెలో ఓ వారం ఉండాలనుంది, నిజంగా ప్రశాంతంగా ఉంటుందా?" అని మీరు అడిగారు. నేను ఐదారు ఎండాకాలాలు ఉన్నాను. రిసార్టులో కాదు, బీడీలు చుట్టే తునికాకును ఆరబోసే కల్లంలో.

మాది చెన్నూరు వైపు, అప్పట్లో ఆదిలాబాద్ జిల్లా. మా బాపు ఏడాదిలో పది నెలలు రెండెకరాల రైతు, ఏప్రిల్, మే వచ్చాయంటే కల్లేదారు, అంటే కాంట్రాక్టరు తరఫున ఆకు తీసుకుని ఆరబెట్టించే మనిషి. కల్లం అంటే ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో, వాగు పక్కన చదును చేసిన జాగా. ఓ మూలకు నాలుగు గుంజలు పాతి తార్పాలిన్ కప్పితే అదే గుడిసె. బడికి సెలవులివ్వగానే నన్నూ వెంట తీసుకెళ్లేవాడు.

పొద్దున ప్రశాంతమే, ఒప్పుకుంటాను. తెల్లారకముందే ఊరు ఊరంతా ఆకు కోతకు పోయేది. సాయంత్రం నాలుగు దాటితే మాత్రం జాతరే. కట్టకు 50 ఆకులు ఉండాలి. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగ్, అంటే 50 వేల ఆకులు. బాపు ఏదో ఒక కట్ట తీసి, విప్పకుండానే బొటనవేలితో అంచులు ఆడించి, "నలభై ఆరే ఉన్నయ్ గదా అక్కా" అనేవాడు. లెక్కపెడితే 46 ఉండేవి. ఒక్కసారి మాత్రం 51 తేలాయి. ఆ వారమంతా ఆడవాళ్లు ఆయన్ని ఆడుకున్నారు.

కల్లేదార్లంతా దొంగలని ఒక పేరుంది. వందకు నాలుగైదు కట్టలు కొసరు గుంజినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ పైనుంచి కాంట్రాక్టరు మనిషి వచ్చి ఆకు బాగాలేదని తరుగు తీస్తే అది కల్లేదారు కమీషన్లోంచే పోతుంది. ఈ సంగతి ఎవరూ ఎత్తరు. బాపుకు బీడీ అలవాటు. చుట్టూ లక్షల ఆకు, తాగాలంటే మాత్రం వాగు దాకా నడవాలి. ఎండిన ఆకు పక్కన అగ్గిపుల్ల గీస్తే ఇంకేముంది. చీకటి పడ్డాక అదీ లేదు, తునికి పండ్లకు ఎలుగుబంట్లు తిరుగుతాయి. ప్రశాంతత అంటున్నారు కాబట్టి చెబుతున్నా.

నేను ఐదో తరగతి అయిన ఎండాకాలం అది. బాగా ఎండిన ఆకు నేల మీదే ఉంది. మరునాడు తెల్లవారుజామున బోరాల్లో (గోనె సంచుల్లో) తొక్కాలని సాయంత్రం పైన నీళ్లు చిలకరించారు. లేకపోతే తొక్కేటప్పుడు ఆకు పొడి అవుతుంది. చిలకరించడం వేరు, వాన వేరు. వానకు తడిస్తే ఆకు నల్లబడుతుంది, ఇక ఎవడూ కొనడు.

రాత్రి ఒక నిద్ర అయ్యాక గాలిదుమారం లేచింది. కాపలా తాత, బాపు కట్టలన్నీ కుప్ప చేస్తున్నారు. నాది టార్చి పట్టే డ్యూటీ. ఉన్న రెండు పరదాలూ కప్పినా కుప్పలో మూడో వంతు బయటే ఉంది. బాపు గుడిసె వైపు చూశాడు. నేను కూడా చూశాను కానీ నాకు అర్థం కాలేదు. కత్తితో తాళ్లు కోసి, మా నెత్తిమీది తార్పాలిన్ లాగి ఆకు మీద కప్పేశాడు.

"బిడ్డా, మంచం కిందికి దూరు" అన్నాడు. దూరాక, కల్లం లెక్కల పుస్తకం నా అంగీ లోపల దోపి, "ఇది తడవొద్దు" అన్నాడు. నేను తడవొచ్చన్నమాట! నులక సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. బాపు ఆ కుప్ప మీద పరదా ఎగిరిపోకుండా బోర్లా పడుకున్నాడు, వాన వెలిసేదాకా.

పొద్దున సద్ది తెచ్చిన అమ్మ నాలుగు గుంజలనూ, నన్నూ చూసి, "ఇల్లు ఇప్పి ఆకుకు కప్పినవా?" అంది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు జ్వరం. ఆకు చాలావరకు దక్కింది, ఒక పక్క వరస నల్లబడింది. కాంట్రాక్టరు మనిషి ఆ వరసకే కాదు, మంచిదానికి కూడా కోత పెట్టాడు.

మీరు అడిగింది మర్చిపోలేదు. ప్రశాంతంగానే ఉంటుంది. బాపు మాత్రం ఆ రెండు నెలలూ చెట్ల వంక చూసినట్టు నాకు గుర్తు లేదు, ఎప్పుడూ మబ్బు వంకే. వెళ్తే చలికాలంలో వెళ్లండి. మే నెలే కావాలంటే తార్పాలిన్ ఒకటి ఎక్కువ పట్టుకెళ్లండి.