యూరప్ చిత్రకారులు పురాణ దేవతలను బట్టల్లేకుండా వేస్తే అప్పటి జనం తప్పు పట్టలేదా?

పట్టారు. కాకపోతే దేవత పేరు తీసేసినప్పుడే ఎక్కువ పట్టారు. ఈ సంగతి నాకు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో అమ్మతో తిరిగినప్పుడు బాగా తెలిసొచ్చింది.

అక్కడ ఫ్రెంచ్ చిత్రకారుడు కబనెల్ వేసిన 'వీనస్ జననం' ఉంది. వీనస్ అంటే రోమన్ల ప్రేమ దేవత. అల మీద పరుపు మీద పడుకున్నట్టు వీనస్, పైన శంఖాలూదే రెక్కల పసిపిల్లలు. 1863లో సలాన్‌లో, అంటే పారిస్‌లో అప్పట్లో జరిగే పెద్ద అధికారిక చిత్రప్రదర్శనలో పెడితే సాక్షాత్తూ మూడో నెపోలియన్ చక్రవర్తే కొనేశాడు. అమ్మ ముందు మొహం తిప్పుకుంది. తర్వాత దగ్గరికెళ్ళి, "దొంగనిద్రరా ఇది! చెయ్యి అడ్డం పెట్టుకుని కిందనుంచి చూస్తోంది" అంది. నిజమే, రెప్పలు పూర్తిగా మూతపడలేదు.

అదే 1863లో మానే అనే మరో ఫ్రెంచ్ చిత్రకారుడు 'ఒలింపియా' వేశాడు. అదీ ఆ మ్యూజియంలోనే ఉంది, ఎత్తు కూడా ఇంచుమించు అంతే, 130 సెంటీమీటర్లు. ఇందులో సముద్రపు అల లేదు, శంఖమూ లేదు. మెడకు నల్ల రిబ్బన్, కాలికి చెప్పు, పక్కన పూలగుత్తి తెచ్చిన పనిమనిషి. ఒలింపియా అంటే అప్పట్లో వేశ్యలు పెట్టుకునే పేరు. పైగా ఆమె మనవైపు సూటిగా చూస్తుంది. 1865 సలాన్‌లో పెడితే జనం మండిపడ్డారు. చివరికి ఎవరికీ అందనంత ఎత్తుకు మార్చి వేలాడదీయాల్సి వచ్చింది.

తమాషా ఏంటంటే, ఆ భంగిమ మానే సొంతం కాదు. 1538లో ఇటలీ చిత్రకారుడు టిషియన్ వేసిన 'ఉర్బినో వీనస్' నుంచి తీసుకున్నాడు. అందులో కాళ్ళ దగ్గర కుక్కపిల్ల నిద్రపోతుంటే, ఇతను నల్లపిల్లిని నిలబెట్టాడు. టిషియన్ బొమ్మ కొన్న ఉర్బినో పాలక వంశీకుడు గ్విడోబాల్డో కూడా తన ఉత్తరంలో వీనస్ అనలేదు, 'నగ్న స్త్రీ' అనే రాశాడు. వీనస్ అన్న పేరు తర్వాతెప్పుడో అంటుకుంది. కొనేవాళ్ళకు విషయం ముందే తెలుసన్నమాట! గ్రీకు, రోమన్ కథలూ పాత పాలరాతి శిల్పాలూ కళాకారులకు నిజంగానే పాఠాలు, కాదనను. కానీ పడకగదిలో తగిలించుకోవడానికి ఆ కథలే మంచి సాకు కూడా.

ఒలింపియా ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. "ఈ పిల్ల ఏం దాచట్లేదు, నయం" అంది. చీకట్లో కలిసిపోయిన ఆ పిల్లిని నేను అసలు గమనించనేలేదు, ఆవిడే వేలు పెట్టి చూపించింది.