మడ మట్టి తీసేటప్పుడు

బిడ్డా,

నీ ప్రాజెక్టుకు మడ అడవుల కార్బన్ ఎంచుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు, చాలా సంతోషం. నల్గొండ భూసార పరీక్షల ల్యాబ్‌లో ఏళ్ల తరబడి మట్టి పట్టినవాణ్ని కదా, నువ్వు నాగాయలంక బయల్దేరేలోపు కొన్ని మాటలు చెప్పాలి.

చెట్లు కొలిచి సరిపెట్టుకోకు. అసలు సరుకు కింద ఉంది. ఇండో-పసిఫిక్ ప్రాంతంలో 25 మడ అడవులను కొలిచి 2011లో అచ్చువేసిన లెక్కలో హెక్టారుకు సగటున 1,023 టన్నుల కార్బన్ తేలింది. అందులో ఎక్కువ భాగం మట్టిదే. మన చెల్కల్లో సేంద్రియ కర్బనం అర శాతం దాటడమే గగనం. అక్కడ ఉప్పునీటిలో నానే బురదకు గాలి అందదు, అందుకే రాలిన ఆకు, చచ్చిన వేరు కుళ్లడానికి ఏళ్లూపూళ్లూ పడుతుంది.

పొలంలో మనం 'వి' ఆకారంలో గుంట తీసి 15 సెంటీమీటర్లకు ఆపుతాం, మట్టంతా కలిపి నాలుగు భాగాలు చేస్తాం. ఆ అలవాటు అక్కడ వద్దు. ఆగర్, అంటే మట్టి తీసే గొట్టంలాంటి పనిముట్టు, కనీసం మీటరు లోతు దింపు, మెల్లగా తిప్పి లాగు. వెంట్రుకల్లాంటి వేళ్లతో నల్లటి బురద, కుళ్లిన గుడ్ల వాసన వస్తే సరైన చోటే ఉన్నావన్నమాట. ఏ లోతు ముక్క ఆ లోతుకే విడిగా ఉంచు. ముక్క ఘనపరిమాణం తెలియకపోతే బల్క్ డెన్సిటీ, అంటే ఘన సెంటీమీటరుకు ఎండు మట్టి ఎంత బరువో, రాదు, అది లేకపోతే శాతం తెలిసినా టన్నులు తేలవు. బల్క్ డెన్సిటీ ఘన సెంటీమీటరుకు 0.8 గ్రాములు, లోతు 100 సెంటీమీటర్లు, కర్బనం 2 శాతం అనుకో. మూడూ గుణిస్తే హెక్టారుకు 160 టన్నులు. నత్తగుల్లల పెంకులుంటే పలుచటి ఆమ్లంతో తీసెయ్, వాటి కార్బన్ సేంద్రియం కాదు.

నరికిన చోట కూడా మట్టి తియ్యి, ఇది మాత్రం మరిచిపోకు. నా దృష్టిలో నీ పనికి ప్రాణం అదే. మడ కొట్టేసి రొయ్యల చెరువు తవ్వితే బురద తిరగబడి గాలికి ఆరుతుంది, సూక్ష్మజీవులు దాని మీద పడతాయి. టన్ను కార్బన్ పోతే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. చెరువు అడుగునే కాదు, గట్టు మీదా తియ్యి. తవ్విన బురదంతా అక్కడే ఎండుతుంటుంది.

నాగాయలంక దగ్గరి మడ అడవి అభయారణ్యం, అటవీశాఖ అనుమతి కాగితం ముందే చేతిలో ఉండాలి. ఆటుపోట్ల వేళలు అక్కడి జాలరులను అడుగు. సంచుల మీద పెన్ను వాడకు, తడికి చెరిగిపోతుంది. చీటీ మీద పెన్సిల్‌తో లోతు రాసి లోపల వెయ్యి.

మీ పెద్దనాన్న