లావణ్యకి, నిలువు ఫోటోల గురించి పిన్ని రాస్తోంది

లావణ్యా,

నీ వంటల సైట్ మొత్తం కూర్చుని చూశానమ్మా. రాతలు చాలా బావున్నాయి, కొలతలు గ్లాసుల్లో, గ్రాముల్లో రెండూ ఇచ్చావు, అది అందరూ చెయ్యరు. పింటరెస్ట్ నుంచి, అదే బొమ్మలు చూసి నచ్చినవి దాచుకునే యాప్ నుంచి, సైట్‌కి జనం ఎందుకు రావట్లేదు పిన్నీ అని అడిగావు కదా, నాకు కనపడిన మొదటి కారణం ఒక్క ఆర్టికల్‌లో కూడా నిలువు ఫోటో లేకపోవడం, అన్నీ అడ్డంగా తీసినవే.

పింటరెస్ట్‌ని ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు, ఫోన్ నిలువుగా పట్టుకుంటారు, స్క్రీన్ మీద పక్కపక్కనే రెండు వరసల్లో బొమ్మలు పైకి జరుగుతూ ఉంటాయి. అంటే ఎవరి బొమ్మకైనా వెడల్పు ఒకటే, తేడా అంతా పొడుగులోనే. నువ్వు పెట్టే అడ్డం ఫోటోతో పోలిస్తే 2:3లో (వెడల్పు రెండు పాళ్ళు, పొడుగు మూడు పాళ్ళు) ఉన్న నిలువు ఫోటోకి రెండున్నర రెట్లకి పైగా చోటు దొరుకుతుంది. పింటరెస్ట్ వాళ్ళు చెప్పే సైజ్ కూడా అదే, 1000 పిక్సెల్స్ వెడల్పు, 1500 పొడుగు. ఇంకా పొడుగ్గా పెడితే ఇంకా బాగా కనపడుతుందిలే అనుకోకు, ఫీడ్‌లో కిందది కోసేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నిలువు ఫోటో అంటే ఉన్న అడ్డం ఫోటోని చివర్లో క్రాప్ చేసెయ్యడం కాదమ్మా, వంట చేసేటప్పుడే దానికోసం వేరేగా తియ్యాలి. నీ ఆవకాయ ఫోటోనే చూడు, వెడల్పాటి బేసిన్‌లో ముక్కలు, కారం, ఆవపిండి పై నుంచి తీశావు, అది అడ్డానికి చక్కగా సరిపోయింది, కానీ దాన్నే నిలువుగా కోస్తే సగం బేసిన్ పోయి ఏంటో ఎర్రటి ముద్దలా కనపడుతుంది. అదే జాడీని కిటికీ పక్కన పెట్టి, పై నుంచి నువ్వుల నూనె పోస్తుంటే ఎదురుగా కూర్చుని తీసి చూడు, పైన గిన్నె పట్టుకున్న చెయ్యి, మధ్యలో నూనె ధార, కింద జాడీ మూతి దగ్గర ముక్కలు, ఫ్రేమ్ దానంతట అదే నిండిపోతుంది. ఒక్క అడుగు వెనక్కి జరిగి తియ్యి, పక్కన కాస్త గోడ ఖాళీగా వదులు, పేరు రాసుకోవడానికి చోటు కావాలి కదా.

పేరు రాసేటప్పుడు మన తెలుగుతో ఒక చిక్కుంది. ఒత్తులు కిందకి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, రెండు లైన్లు దగ్గరగా పెడితే పై లైన్‌లో "పచ్చడి" చ ఒత్తు వచ్చి కింద లైన్‌లో అక్షరాల నెత్తిన కూర్చుంటుంది, చిన్న స్క్రీన్‌లో అసలు చదవలేం. లైన్ల మధ్య ఎడం బాగా పెంచు. ఫాంట్ సన్నటిది వద్దు, గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర ఉంది చూడు, లావుగా ఉంటుంది, దూరం నుంచి కూడా చదవొచ్చు. నాలుగైదు మాటలు మించకు. కింద కుడి మూలలో మాత్రం ఏమీ రాయకు, లోగో కూడా పెట్టకు, అక్కడ పింటరెస్ట్ వాళ్ళ గుర్తులు వచ్చి కప్పేస్తాయి. ఇంకోటి, బయట దేశాల్లో ఉన్న మన పిల్లల్లో చాలామంది వంట పేరు ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేసి వెతుకుతారు, అందుకని పిన్ (పింటరెస్ట్‌లో నీ సైట్ లింక్‌తో పెట్టే బొమ్మ) టైటిల్‌లో, డిస్క్రిప్షన్‌లో రెండు లిపుల్లోనూ రాయి.

ఇంత చెప్పానని అడ్డం ఫోటోలు తీసెయ్యకు. ఆర్టికల్ పైన అదే ఉండాలి, ఓజీ ఇమేజ్‌గా కూడా అదే పెట్టు, 1200 బై 630. ఫేస్‌బుక్‌లో లింక్ షేర్ చేస్తే ఆ బొమ్మే వస్తుంది, నిలువుది పెడితే పైనా కిందా కోసేసి జాడీ నడుము మాత్రం చూపిస్తుంది. ఫోన్‌లో గూగుల్ తనంతట తానే ఆర్టికల్స్ చూపించే గూగుల్ డిస్కవర్‌కి కూడా కనీసం 1200 వెడల్పు కావాలి, నిలువుది వెయ్యే కాబట్టి సరిపోదు. నిలువు ఫోటోని కావాల్సిన పదార్థాల తర్వాతో ఆర్టికల్ చివర్లోనో పెట్టు, మొదట్లోనే పెడితే ఫోన్‌లో చూసేవాళ్ళకి స్క్రీన్ అంతా ఫోటోనే ఉంటుంది, రాత మొదలయ్యేదాకా ఓపిక పట్టరు. అప్‌లోడ్ చేసే ముందు వెబ్‌పీ అనే తేలికపాటి ఫార్మాట్‌లోకి మార్చి సైజ్ తగ్గించు, ఫోన్ నుంచి వచ్చిన నాలుగైదు ఎంబీలది అట్లాగే ఎక్కించకు.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి వేరు. అక్కడా నిలువే నడుస్తోంది, 2025 జనవరిలో ప్రొఫైల్ గ్రిడ్ కూడా చదరం నుంచి నిలువుకి మార్చారు, కానీ క్యాప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు కాబట్టి దాన్నుంచి సైట్‌కి జనం పెద్దగా వస్తారని నేను అనుకోను. స్టోరీలో లింక్ స్టిక్కర్ పెట్టు, చాలు.

పండగ వంటలకి నెలన్నర ముందే పిన్ పడాలి, పింటరెస్ట్‌లో జనం ముందుగా చూసి దాచుకుంటారు. అరిసెలు నవంబర్ చివరికి, ఆవకాయ మార్చి మొదట్లో. ఒకే ఆర్టికల్‌కి రెండు మూడు వేరే వేరే నిలువు ఫోటోలతో కొన్ని రోజుల ఎడంతో పిన్ చెయ్యొచ్చు, తప్పేం లేదు. కానీ ఫోటోలో చూపించింది ఆర్టికల్‌లో ఉండి తీరాలి, బొబ్బట్లు చూపించి పరమాన్నం దగ్గరికి తీసుకెళ్తే ఆ మనిషి మళ్ళీ రాదు.

పింటరెస్ట్‌లో బిజినెస్ అకౌంట్ ఫ్రీనే, దానికి మార్చుకుని నీ సైట్‌ని క్లెయిమ్ చెయ్యి, అంటే అది నీదేనని వాళ్ళకి చూపించు. తర్వాత అనలిటిక్స్‌లో ఇంప్రెషన్స్ (బొమ్మ ఎన్నిసార్లు కనపడిందో ఆ లెక్క) చూసి సంబరపడకు, దిగులూ పడకు, అవుట్‌బౌండ్ క్లిక్స్ చూడు, పిన్ నొక్కి సైట్ దాకా వచ్చినవాళ్ళ లెక్క అదే. సేవ్‌లు బాగా ఉండి క్లిక్‌లు లేకపోతే ఫోటో నచ్చింది కానీ లోపలికి రావడానికి కారణం దొరకలేదన్నమాట, అప్పుడు ఫోటో మార్చకు, దాని మీద రాసిన మాట మార్చు.

పాత ఆర్టికల్స్ అన్నీ ఒకేసారి మీదేసుకోకు తల్లీ. ముందు ఆవకాయ, గోంగూర, అరిసెలు, ఈ మూడింటికీ తియ్యి, ఎడిట్ చెయ్యకముందే నాకు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపు, మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది.

పిన్ని