ఆయన పరుగుకు నేను ఎంతవరకు తోడుండాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా వారికి 41 ఏళ్లు. రెండేళ్ల క్రితం వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడకతో మొదలుపెట్టి, ఇప్పుడు ఆగస్టు చివర హైదరాబాద్‌లో జరిగే పూర్తి మారథాన్‌కు సిద్ధమవుతున్నారు. వారంలో ఐదు రోజులు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. ఆదివారం ములుగు రోడ్డులో పాతిక కిలోమీటర్ల దాకా పరుగెత్తుతారు. నేను స్కూటీ మీద నీళ్లు, అరటిపండ్లు పట్టుకుని వెనకాలే వెళ్లాలి. ఆయన తిండి వేరు, నిద్ర వేరు. పెళ్లిళ్లకు నేనొక్కదాన్నే వెళ్తున్నాను. ‘ఇంత చిక్కిపోయిండు, షుగర్ వచ్చిందా?’ అని చుట్టాలంతా నన్నే అడుగుతున్నారు. మా మామయ్య 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. అందుకే అత్తమ్మ ‘వాణ్ని ఆపు బిడ్డా’ అని రోజూ నన్నే బతిమాలుతుంది. పోయిన ఆదివారం బాబుకు జ్వరం రావడంతో నేను వెళ్లలేకపోయాను. ‘మా రన్నర్ల గ్రూపులో అందరూ మెచ్చుకుంటున్నారు, ఇంట్లోనే ప్రోత్సాహం లేదు’ అని ఆయన అన్నారు. ఆయన ఇష్టాన్ని కాదనాలని నాకు లేదు. కానీ అలసిపోయాను. నేనేం చేయాలి?

జవాబు: పోయిన ఆదివారం మీరు చేసింది సరైన పనే. జ్వరంతో ఉన్న బిడ్డ దగ్గర తల్లి ఉండిపోతే దాన్ని ప్రోత్సాహం లేకపోవడం అనరు. ఆయన పొద్దున్నే లేవాలని రాత్రిపూట పిల్లలను సముదాయించి పడుకోబెట్టడం, వేరుగా వంట చేయడం, పెళ్లిళ్లలో ఆయన ఎందుకు రాలేదో నలుగురికీ చెప్పుకోవడం, ఇవన్నీ మీరు చేస్తున్నవే. గ్రూపులో ఎవరో ఒక మెచ్చుకోలు మాట రాస్తే అది ఆయన కంట పడుతుంది. ఇంట్లో రోజూ జరిగే పని మాత్రం రోజూ జరుగుతుంది కనుకనే కంట పడదు. ఈ తేడా ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మాట మీ నోటి నుంచే రావడం మంచిది, అదీ గొడవ పడుతున్నప్పుడు కాకుండా.

అలాగని ఆయనను స్వార్థపరుడని అనడానికి కూడా నాకు మనసొప్పదు. నలభై దాటిన వయసులో, ఉద్యోగం చేసుకుంటూ, 42.195 కిలోమీటర్ల దూరానికి శరీరాన్ని సిద్ధం చేసుకోవడం చిన్న సంగతి కాదు. ఆగస్టు పోటీకి సాధన చేసేవారికి మన ఓరుగల్లు ఎండాకాలం మొత్తం దారిలోనే ఎదురవుతుంది. పగలు 42, 43 డిగ్రీల ఎండ కాసే రోజుల్లో ఏడు దాటాక దూరం పరుగెత్తడం ప్రమాదం కనుక నాలుగింటికి లేవడాన్ని మొండితనంగా చూడకండి. నిద్ర చాలకపోయినా, ఖర్చయిన శక్తికి తగినంత తిండి పడకపోయినా మనిషికి చిరాకు పెరుగుతుంది. ఆయన అన్న మాట అటువంటి అలసటలోంచి వచ్చి ఉండవచ్చు. అంతమాత్రాన ఆ మాటను మీరు మింగి ఊరుకోవాలని నేను చెప్పను.

అన్నిటికంటే ముందు తేలవలసింది మీ అత్తమ్మ భయం. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన విషయం అదే. ఆమెది చాదస్తం కాదు. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని 55 ఏళ్లలోపే గుండె జబ్బు వచ్చి ఉంటే, దాన్ని ఆ ఇంటి మనిషికి అదనపు ముప్పుగా వైద్యులు లెక్కిస్తారు. మారథాన్‌లో ప్రాణం పోవడం చాలా అరుదు. అయినా నడివయసు దాటినవారి విషయంలో అలా జరిగినప్పుడు, గుండె రక్తనాళాల్లో అంతకుముందు బయటపడని అడ్డంకులే ఎక్కువగా కారణమవుతున్నాయి. ఆయన గుండె పరీక్షలు చేయించుకున్నారో లేదో మీరు రాయలేదు. చేయించుకోకపోతే, దూరం ఇంకా పెంచకముందే గుండె వైద్యుణ్ని కలవాలి. తండ్రి ఏ వయసులో, ఎలా పోయారో, తాను వారానికి ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తుతున్నారో దాచకుండా చెప్పాలి. బీపీ, షుగర్, కొలెస్టరాల్, ఈసీజీతో పాటు ఎకో (గుండె స్కానింగ్) గాని ట్రెడ్‌మిల్ పరీక్ష గాని అవసరమా అన్నది ఆ వైద్యుడే నిర్ణయిస్తారు.

ఆ రోజు అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్లమని మీ వారితో చెప్పండి. మీరు వెళ్లకపోయినా ఫరవాలేదు, ఆమె మాత్రం వెళ్లాలి. భర్తను అలా పోగొట్టుకున్న మనిషికి కోడలు చెప్పే ధైర్యం సరిపోదు. తన ప్రశ్నలను తానే వైద్యుణ్ని అడిగి, జవాబులు తన చెవులతో వినాలి. కొడుకు తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ సంగతి తేల్చుకోవాలే తప్ప, ఆ భయాన్ని రోజూ మీరు మోయడం న్యాయం కాదు. ‘ఆపు బిడ్డా’ అని ఆమె మళ్లీ అన్నప్పుడు, ‘మీరూ ఆయనా కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లి రండి అత్తమ్మా, డాక్టర్ ఏం చెప్తే అదే చేద్దాం’ అనండి. ఒకవేళ వైద్యుడు ఆగమంటే ఆగాలన్న ఒప్పందం ఇంట్లో ముందే కుదరాలి. పరీక్షలన్నీ బాగున్నా, పరుగులో ఛాతీ మీద బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్లు తిరగడం వంటివి ఒక్కసారి కనిపించినా అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం ఉన్న రోజున పరుగు అసలే వద్దు. ఈ సంగతులు ఆయనతో పరుగెత్తే స్నేహితులకు కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ సమయంలో పక్కన ఉండేది వాళ్లే.

ఇక నీళ్లు పట్టుకుని వెనక వెళ్లే సంగతి. ములుగు రోడ్డు జాతీయ రహదారి. చీకటి విడవని వేళ లారీలు పోయే దారిలో ఒక మనిషి పరుగెత్తడం, ఆ వేగానికి తగ్గట్టు మీరు స్కూటీని నెమ్మదిగా నడుపుతూ వెంట వెళ్లడం ఇద్దరికీ ప్రమాదమే. మీరు అలసిపోయారన్న కారణం ఒక్కటే కాదు, ఇందుకోసం కూడా ఆ పద్ధతి మారాలి. వడ్డేపల్లి కట్ట, కాకతీయ విశ్వవిద్యాలయం లోపలి దారులు, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వంటి చోట్లలో వీలైన ఒకదాన్ని ఎంచుకుని చుట్లు చుట్లుగా పరుగెత్తితే, సీసాలూ పండ్లూ ఒకచోట పెట్టుకుని ప్రతి చుట్టుకూ ఆగి తాగవచ్చు, వెంట ఎవరూ రానక్కరలేదు. విసుగు పుడుతుందని ఆయన అంటారు. నిజమే, పుడుతుంది. దూరపు పరుగులో విసుగును ఓర్చుకోవడం కూడా సాధనలో భాగమే కదా. రహదారి తప్పదనుకున్న రోజున తెల్లవారాక బయలుదేరి, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే వైపున, వెలుగు పడితే మెరిసే చొక్కా వేసుకుని, తోడుతోనే వెళ్లాలి.

తోడు అనగానే ఆ బాధ్యత మీ ఒక్కరిదే అనుకోవద్దు. 2019 అక్టోబర్ 12న వియన్నాలో కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగే మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేశారు. ఆ రోజు ఆయనకు గాలి తగలకుండా, వేగం తప్పకుండా చూడడానికి 41 మంది పరుగువీరులు వంతులవారీగా తోడు పరుగెత్తారు. అటువంటి సాయం ఉన్నందువల్లనే దాన్ని అధికారిక రికార్డుగా గుర్తించలేదు కూడా. నేను ఇక్కడ ప్రత్యేకంగా చూసేది వాళ్ల పద్ధతిని. వాళ్లలో ఏ ఒక్కరి మీదా మొత్తం దూరం పడలేదు. ఎవరు ఎక్కడ చేరాలో, ఎక్కడ తప్పుకోవాలో ముందే నిర్ణయమైంది. మీ ఇంట్లో లేనిది ప్రేమ కాదు, ఆ ఏర్పాటు. ఆదివారపు నీళ్ల పనిని గ్రూపులోని స్నేహితులు వంతులు వేసుకోవచ్చు. ఈ వారం ఒకరు బండి మీద వస్తే, వచ్చే వారం మీ వారు ఇంకొకరి కోసం వెళ్తారు. మెచ్చుకునే స్నేహితులను పని అడగడానికి ఆయన మొహమాటపడకూడదు. మరిదో, బావమరిదో దగ్గరలో ఉంటే నెలకొక ఆదివారం వాళ్లను అడగవచ్చు. మీకు ఇష్టమై, పిల్లలు బాగుండి, వీలున్న నాడు మీరూ వెళ్లండి. వెళ్లలేని నాడు ఏమిటన్నది మాత్రం శనివారం రాత్రికే తేలిపోవాలి.

పంచాంగం కూడా ఒకసారి ముందు పెట్టుకుని కూర్చోండి. ఆగస్టు చివరి పోటీకి అన్నిటికంటే పెద్ద పరుగులు, అంటే 30, 32 కిలోమీటర్లవి, జూలైలోనూ ఆగస్టు మొదట్లోనూ పడతాయి. ఇంచుమించు అదే కాలంలో బోనాలు, ఆ వెంటనే శ్రావణంలో వ్రతాలు, పెళ్లి ముహూర్తాలు వస్తాయి. ఏ శుభకార్యానికి ఆయన తప్పక రావాలో మీరు ముందే గుర్తు పెట్టండి. ఆ వారం పెద్ద పరుగును ఆయన ఇంకొక సెలవు రోజుకు జరుపుకోవాలి. ఒక పరుగు వేరే రోజుకు జరిగినా, అసలే తప్పినా నెలల సాధన వృథా కాదని అనుభవమున్న ఏ శిక్షకుడైనా చెబుతాడు. పోటీకి ముందు రెండు మూడు వారాలు దూరం బాగా తగ్గిస్తారు. ఆ రోజుల్లో పరుగెత్తేవారికి ఊరికే అసహనంగా ఉంటుంది, లేని నొప్పులు ఉన్నట్టు తోస్తాయి, జలుబు చేస్తుందేమోనని కంగారు పడతారు. అది తెలిసి ఉంటే మీకు ఆందోళన తగ్గుతుంది. చేతిలో సమయమూ మిగులుతుంది కనుక, ఆ వారాల్లో పిల్లలను బడికి తయారు చేసి పంపే పని ఆయనకు అప్పగించండి.

వంట విషయంలో మీరు అవసరానికి మించి కష్టపడుతున్నారేమో అనిపిస్తోంది. దూరం పరుగెత్తేవారికి కావలసినదంతా మన ఇళ్లలో ఉన్నదే: అన్నం, జొన్నరొట్టె, పప్పు, గుడ్లు, పెరుగు, గట్క, అంబలి, పల్లిపట్టి, అరటిపండ్లు. అందరికీ వండిందే ఆయనకు ఎక్కువ మోతాదులో కావాలి, అంతే. పరుగుకు ముందు తినేవి, సీసాలు, ఉప్పు వేసిన మజ్జిగ వంటివి ముందురోజు రాత్రి ఆయనే సర్దుకోవాలి. భయం కొద్దీ గంటల తరబడి ఉత్త నీళ్లే తాగించవద్దు. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి అది వేరే ప్రమాదం తెస్తుంది. ‘షుగరా?’ అని అడిగేవారికి పరీక్షల ఫలితం వచ్చాక ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. నిజంగానే బరువు ఆగకుండా తగ్గుతూ ఉంటే మాత్రం వైద్యుడితో ఆ మాట కూడా అనాలి.

బంధువుల మాటలను అంతకుమించి పట్టించుకోకండి. మన పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం గెలిచింది. ఆమె చిన్నతనంలో ఊళ్లో కొందరు ఎంతగా నొప్పించే మాటలన్నారో ఆ తల్లిదండ్రులే చెప్పుకున్నారు. కూలి చేసుకునే ఆ దంపతులు ఆ మాటలకు లొంగి బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టలేదు.

మీ ఉత్తరం చదివాక నాకు మిగిలిన బాధ ఒకటుంది. అందులో ఆయనకు ఏం కావాలో ఉంది, అత్తమ్మకు ఏం కావాలో ఉంది, మీకు ఏం కావాలో లేదు. వారంలో రెండు సాయంత్రాలు మీవి కావాలని అడగండి. ఆ సమయంలో మీరు నిద్రపోతారో, పుట్టింటికి వెళ్తారో, చదువుకుంటారో అది మీ ఇష్టం. ఇల్లూ పిల్లలూ అప్పుడు ఆయన చూసుకోవాలి. దీన్ని పరుగుకు బదులుగా అడిగే కూలిగా భావించవద్దు. ఆయనకు తనదైన సమయం ఎంత అవసరమో మీకూ అంతే అవసరం. ఈ మాట ఆదివారం పరుగు ముగించి వచ్చిన వెంటనే ఎత్తకుండా, ఆయన విశ్రాంతిగా ఉన్న సాయంత్రం, పిల్లలు పడుకున్నాక మాట్లాడండి. ‘మీరు పరుగెత్తడం నాకు ఇష్టమే. ఇంట్లో ప్రోత్సాహం లేదన్న మాట మాత్రం నాకు చాలా కష్టంగా అనిపించింది. నేను ఏమేం చేయగలనో, ఏవి చేయలేనో చెప్తాను, మిగతావి ఎలా చేసుకోవాలో ఇద్దరం ఆలోచిద్దాం’ అనండి. ఆయన వినకుండా విసుక్కుంటే ఆ పూటకు వదిలేయండి, కానీ మర్నాడు మళ్లీ అడగండి. మీరు చేయలేనని చెప్పిన పనిని జాలిపడి మళ్లీ మీద వేసుకోకండి.

పోటీ రోజున వెళ్లాలని మీకు ఉంటే పిల్లలతో, అత్తమ్మతో కలిసి ముందురోజే హైదరాబాద్ చేరుకోండి. పోటీ జరిగే దారిలో వంతెనల ఎత్తుపల్లాలు ఎక్కువ, పైగా 30 కిలోమీటర్లు దాటాక కాళ్లు మొరాయిస్తాయి. చివరి గీత దగ్గర కంటే అంతకు ముందు అటువంటి చోట ఒకసారి మీరు కనిపిస్తే ఆయనకు ఎక్కువ మేలు. ‘ఇంకెంత, వచ్చేసింది’ అనవద్దు, రాలేదని ఆయనకు తెలుసు. పేరు పెట్టి పిలవండి, పిల్లల చేత పిలిపించండి. పూర్తయ్యాక వెంటనే కూర్చోబెట్టకుండా కాసేపు మెల్లగా నడిపించి, ఉప్పు తగిలే ఆహారం ఏదైనా పెట్టండి.

ఒక పోటీ ముగిసిన ఊపులో వారం తిరక్కుండానే ఇంకొకదానికి పేరు ఇచ్చేయడం పరుగెత్తేవారిలో మామూలే. తరువాతి పోటీకి డబ్బు కట్టే ముందు మీతో కూర్చుని మాట్లాడాలన్న మాట మాత్రం ఆయన దగ్గర ఇప్పుడే తీసుకోండి.