చనిపోయిన నాన్న దగ్గు వినిపిస్తోంది.. గాలి సోకిందా?

ప్రశ్న: నా వయసు 34. నాన్న పోయి మూడు నెలలైంది. వెంటనే మావారి ఉద్యోగం పోయింది. రాత్రిళ్లు హాల్లోంచి నాన్న దగ్గు వినిపిస్తోంది. ఒక్కోసారి తెల్లవారుజామున మెలకువ వస్తుంది కానీ కాలూ చెయ్యీ కదలవు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. గాలి సోకిందని అత్తయ్య అంటున్నారు. ఒకాయన పూజకు 25 వేలు అడుగుతున్నాడు. చేయించాలా?
- ఓ సోదరి, తణుకు

సమాధానం: ముందు ఆ డబ్బు ఇవ్వకండమ్మా.

ఏళ్ల తరబడి విన్న దగ్గు కోసం మెదడు ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది. వేల్స్‌లో రీస్ అనే డాక్టర్ భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ఆ వివరాలు ప్రచురించారు. పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టో, కనిపించినట్టో, వినిపించినట్టో అనిపించిందని దాదాపు సగం మంది చెప్పారు. వాళ్లలో ఎక్కువమంది అంతకుముందు ఆ మాట ఎవరితోనూ అనలేదు, కొందరికి ఎగతాళి చేస్తారని భయం. మీకు పిచ్చి కాదు, దుఃఖం.

గుండెల మీద బరువు వేరే సంగతి. దాన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. కలల నిద్రలో మనం లేచి పరుగెత్తకుండా మెదడు కండరాలను వదులు చేసి ఉంచుతుంది. ఒంటికంటే ముందు మనసు మేలుకుంటే కదల్లేం. ఆ కంగారులో సగం కల కళ్లముందే నడుస్తుంది. సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. నిద్ర చాలకపోయినా, టెన్షన్‌లో ఉన్నా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువ. పక్కకు తిరిగి పడుకోండి, రోజూ ఒకే టైముకు లేవండి, సాయంత్రం తర్వాత టీ, కాఫీ వద్దు. మళ్లీ వస్తే పెనుగులాడకుండా కాలి బొటనవేలు ఒక్కటే కదిపి చూడండి.

మీ అత్తగారితో మాత్రం వాదన పెట్టుకోవద్దు. కొడుకు ఉద్యోగం పోయి ఆవిడా హడలిపోయి ఉంటారు. 1991 గల్ఫ్ యుద్ధంలో స్కడ్ క్షిపణులు పడ్డ ఇజ్రాయెల్ ఊళ్లవాళ్లలో, పడని ఊళ్లవాళ్లకంటే ఇలాంటి నమ్మకాలు ఎక్కువ కనిపించాయని కీనాన్ అనే సైకాలజిస్టు తేల్చారు. మన చేతుల్లో ఏమీ లేదనిపిస్తే మనసు ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది. (హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులూ నన్ను ఇదే అడుగుతారు లెండి.) ఆవిడ ఆంజనేయస్వామి గుడికి రమ్మంటే వెళ్లండి, తాయెత్తు కడితే కట్టించుకోండి. నష్టమేం లేదు. మాసికానికి అందరూ కలిసినప్పుడు నాన్నగారి గురించి తనివితీరా మాట్లాడుకోండి, ఏడుపొస్తే ఆపుకోకండి.

పగలు కూడా గొంతులు వినిపించి ఏదో చెయ్యమని పురమాయించినా, తిండి మానేసినా, చావు ఆలోచనలు వచ్చినా ఆగకుండా సైకియాట్రిస్టును కలవండి. ఎప్పుడైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.