తెలుగులో రాయడానికి ఏ ఎడిటర్? ముందు ఈ పరీక్ష పెట్టండి

కథలు, వ్యాసాలు తెలుగులో రాసుకోవడానికి వర్డ్ చాలా, లేక అబ్సిడియన్, వీఎస్ కోడ్ లాంటివి నేర్చుకోవాలా అని అడిగారు. ఫీచర్ల జాబితాలు చూసి ఎంచుకోకండి. అవన్నీ ఇంగ్లిష్‌లో రాసేవాళ్ల అవసరాలు. తెలుగు దగ్గర తేడా కొట్టే చోట్లు వేరు, వాటిని పది నిమిషాల్లో పరీక్షించవచ్చు.

కొత్త ఫైల్ తెరిచి స్త్రీ, జ్ఞానం, శ్రీకాకుళం, సాఫ్ట్‌వేర్ అని టైప్ చేయండి. వత్తులు విడిపోతున్నాయా, పై గుడులు, కింది వత్తులు తెగిపోతున్నాయా చూడండి. తర్వాత "స్త్రీ" చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. దీర్ఘం ఒక్కటే పోయి "స్త్ర" మిగిలితే మంచిది. అక్షరం మొత్తం పోతే, చిన్న గుణింతం తప్పు దిద్దుకోవాలన్నా అక్షరమంతా మళ్లీ కొట్టాలి. పెద్ద రచనలో ఇది ప్రాణం తీస్తుంది.

తర్వాతది వెతుకులాట. "సాఫ్ట్‌వేర్"లో ట పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు ఉంది. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అయిపోతుంది. కొన్ని కీబోర్డులు ఆ గుర్తును వాటంతటవే పెడతాయి, కొన్ని పెట్టవు. ఫోన్‌లో సగం, కంప్యూటర్‌లో సగం రాస్తే ఒకే మాట రెండు రకాలుగా చేరుతుంది. చాలా ఎడిటర్లు వాటిని వేర్వేరు మాటలుగానే చూస్తాయి కాబట్టి "అన్నిచోట్లా మార్చు" అన్నా సగమే మారతాయి. వర్డ్‌లోనూ, దానిలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్‌లోనూ ఆ గుర్తు కావాలంటే 200 పక్కనే ఇంగ్లిష్ అక్షరం సి కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి.

పెద్ద రచనకు నా ఓటు లిబ్రే ఆఫీస్ రైటర్‌కు. వర్డ్ ఇప్పటికే ఉంటే అదీ చాలు. రెండింటిలోనూ అందరినీ ఏడిపించేది ఫాంటు. మండలి అనే తెలుగు ఫాంటు ఎంచుకుంటారు, తెలుగు మాత్రం మారదు. కారణం, ఇంగ్లిష్‌కు ఒక ఫాంటు, భారతీయ లిపులకు మరొకటి విడిగా గుర్తుంచుకుంటాయి. సైజు కూడా అంతే. లిబ్రే ఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్ విభాగంలోకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత పేరాగ్రాఫ్ స్టైల్‌లో సీటీఎల్ (ఆ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కే పొట్టి పేరు) ఫాంటు, సైజు మార్చండి. వర్డ్‌లో కంట్రోల్, డి నొక్కితే వచ్చే పెట్టెలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అన్న చోట మార్చాలి. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ "ఎగ్జాక్ట్‌లీ" పెట్టకండి, వత్తుల కాళ్లు తెగుతాయి. "మల్టిపుల్" పెట్టి 1.3 దగ్గర మొదలుపెట్టండి.

వీఎస్ కోడ్ కోడ్ రాసేవాళ్లకు అలవాటైనదే, తెలుగు అక్షరాలు బాగానే చూపిస్తుంది. కానీ వరుస ఎక్కడ విరగాలో లెక్కేసేటప్పుడు అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు అనుకుంటుంది. అందుకే తెలుగు వరుసలు అంచు దాటిపోతాయి, లేదా ముందే విరుగుతాయి. సెట్టింగ్స్‌లో ర్యాపింగ్ స్ట్రాటజీని "అడ్వాన్స్‌డ్"కు మార్చండి. ఇందాకటి కనిపించని గుర్తు చుట్టూ పసుపు పెట్టెలు కనబడితే యూనికోడ్ హైలైట్‌లో ఇన్విజిబుల్ క్యారెక్టర్స్ టిక్ తీసేయండి. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) నడిచే విమ్ ఎడిటర్ మాత్రం తెలుగుకు వద్దు. టెర్మినల్ తెరను సమాన గడులుగా విభజిస్తుంది, మన వత్తులు ఆ గడుల్లో ఇమడవు.

నోట్స్‌కు అబ్సిడియన్ మంచిదే, ఎందుకంటే ప్రతి నోటూ మీ ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైల్‌గా ఉంటుంది. రేపు ఆ యాప్ లేకపోయినా రాత మీ దగ్గరే ఉంటుంది. ఒక చిక్కు: నోటు శీర్షికే ఫైల్ పేరు. లినక్స్, ఆండ్రాయిడ్‌లలో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను ఫైల్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు. "స్త్రీ" ఒక్కటే 18, "శ్రీకాకుళం" 30. అంత పొడవు మాటలు ఎనిమిది పెడితే దాదాపు నిండినట్టే. విండోస్‌లో ఈ లెక్క వేరు కాబట్టి అక్కడ పొడవాటి శీర్షిక సేవ్ అయిపోతుంది, ఫోన్‌కు సింక్ అయ్యేటప్పుడు ఆ ఒక్క నోటే రాదు. శీర్షిక నాలుగైదు మాటల్లో ముగించి, పూర్తి పేరు నోటు మొదటి వరుసలో రాసుకోండి.

పాత కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ వాడుతుంటే జాగ్రత్త. విండోస్ 10లో 2019 నాటి 1903 వెర్షన్ నుంచే అది మామూలుగా యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది. అంతకు ముందువాటిలో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర తెలుగు ఇమడని ఏఎన్ఎస్ఐ అని ఉంటే, హెచ్చరికకు ఓకే కొట్టగానే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. ఫైల్ మూశాక వెనక్కి తెచ్చే దారి లేదు.

పుస్తకం వేయించే ఆలోచన ఉంటే డీటీపీ వాళ్లను ముందే అడగండి. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ (మనం ఇప్పుడు తెలుగు టైప్ చేసే పద్ధతి) తెలియదు, అను అనే పాత తెలుగు ఫాంట్లలోకి మార్చుకుంటారు. ఆ మార్పిడిలో అక్షరాలు తారుమారవుతాయి కాబట్టి ప్రూఫ్ మొదటి నుంచి చదవాల్సిందే. అదే పనికి కొత్తదైన ఇన్‌డిజైన్ అయితే యూనికోడే ఇవ్వండి. వత్తులు విడిపోయి కనిపిస్తే పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోమని చెప్పండి.